లైకర్ట్ స్కేలు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ లైకర్ట్ స్కేలు వారి దివ్యసముఖానికి,

మనస్తత్వశాస్త్రం ఎం.ఎ. రెండో సంవత్సరం విద్యార్థి నమస్కరించి వ్రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి. ముందుగా ఒక క్షమాపణ. తమను కనిపెట్టిన రెన్సిస్ గారి ఇంటిపేరును 'లికర్ట్' అని పలకాలట. మేము మాత్రం గురువుల దగ్గరి నుంచి జిరాక్సు షాపు అబ్బాయి దాకా అందరమూ 'లైకర్ట్' అనే అంటున్నాం.

తమరు 1932లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన పిహెచ్‌డి పరిశోధనలో పుట్టారు. గట్టిగా సమ్మతించడం మొదలుకొని గట్టిగా వ్యతిరేకించడం వరకు ఐదు గడులు గీసి, జాతి, సామ్రాజ్యవాదం, అంతర్జాతీయ సంబంధాల వంటి పెద్ద విషయాల మీద మనిషి వైఖరిని కొలవవచ్చని ఆయన చూపించారు. ఆనాడు జవాబులిచ్చినవారు కూడా కాలేజీ విద్యార్థులే కనుక, నా డిసర్టేషన్ కోసం నేను హాస్టల్ గేటు దాటకపోవడాన్ని సంప్రదాయాన్ని పాటించడంగానే భావించ ప్రార్థన.

నేను తీసుకున్నది 1983లో షెల్డన్ కోహెన్ బృందం ప్రచురించిన ఒత్తిడి స్కేలుకు తరువాత వచ్చిన పది ప్రశ్నల కుదింపు రూపం; అందులోనూ తమ ఐదు గడులే. మెస్సు క్యూలో నిలబడిన మిత్రుడికి ఫోన్‌లో ఫారం పంపితే, ఎడమ చేత్తో కంచం పట్టుకుని, సాంబారు వంతు వచ్చేలోపు కుడి బొటనవేలితో పది ప్రశ్నలకూ నడిమి గడినే నొక్కి, "నీ పని అయిపోయిందిరా, నా ఫారం కూడా నింపు" అన్నాడు. అతని ఫారం ఆత్మగౌరవం మీద. నేనూ నడిమి గడులే నొక్కి ఋణం తీర్చుకున్నాను.

తమాషా ఆ తరువాత మొదలైంది. నా ఒత్తిడి స్కేలులో నాలుగు ప్రశ్నలు తిరగేసి అడిగినవి, అంటే వాటికి ఎక్కువ మార్కులు వస్తే ఒత్తిడి తక్కువని అర్థం. వాటి మార్కులను మళ్ళీ తిరగేసుకోవాలి. నేను మరచిపోయాను. అయినా, ప్రశ్నలన్నిటికీ జవాబులు ఎంత నిలకడగా కలిసి నడుస్తున్నాయో చెబుతూ 1951 నుంచి మా నెత్తిన కూర్చున్న క్రాన్‌బాక్ ఆల్ఫా అనే అంకె, పాసు గీత అనుకునే 0.70 దాటింది, గైడు గారు భుజం తట్టారు. ఒకడు అన్నిటికీ రెండో గడి, మరొకడు అన్నిటికీ నాలుగో గడి నొక్కినప్పుడు, తిరగేయకుండా లెక్కిస్తే ఆల్ఫా పెరుగుతుందనీ, పద్ధతి ప్రకారం తిరగేస్తే పడిపోతుందనీ నాకు ఆ రాత్రి తెలిసివచ్చింది. బద్ధకానికి ఉన్న నిలకడ ఒత్తిడికి లేదన్నమాట. వరుస మాత్రమే చెప్పే ఇలాంటి కొలతలకు సగటు తీయడం నిక్కచ్చిగా చూస్తే చెల్లదని మనస్తత్వవేత్త స్టీవెన్స్ 1946లోనే రాశారు. అయితే రెండు దశాంశ స్థానాలు లేని పట్టికను మా విభాగంలో ఎవరూ పట్టికగా గుర్తించరు.

అనువాదం సంగతి వేరే చెప్పాలి. 1965 నాటి ఒక ప్రసిద్ధ కుంగుబాటు స్కేలు తొలి వాక్యంలోనే, దిగులుగా ఉండడమనే అర్థంలో, 'బ్లూ' అన్న మాట ఉంది. మా సహాధ్యాయిని దాన్ని "నేను నీలంగా ఉన్నాను" అని తెలుగు చేస్తే, సగం మంది 'ఎప్పుడూ లేదు' అన్నారు. నిజాయితీపరులు.

అందుకే నా తెలుగు వాక్యాలను సెలవుల్లో అమ్మమ్మ మీద పరీక్షించాను. "గత నెలలో నీ చేతిలో లేని విషయాల వల్ల ఎన్నిసార్లు కోపం వచ్చింది?" అని చదివాను. చిక్కుడుకాయల నార తీస్తున్న ఆవిడ తల ఎత్తలేదు. "కోప్పడడానికి ఎదురుగా మనిషి ఉండాలి కదరా. మీ తాత పోయాక ఎవరి మీద కోపం తెచ్చుకోను?" అంది.

నియమం ప్రకారం 'ఎప్పుడూ లేదు' గడిలో టిక్కు పెట్టాను. ఒత్తిడి సున్నా. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు వచ్చే నెల వస్తున్నారు కనుక, ఆ సున్నాను పట్టికలో ఉంచమంటారో తీసివేయమంటారో వీలైనంత త్వరగా సెలవివ్వగలరు.

ఇట్లు,
తమ విధేయుడైన పరిశోధక విద్యార్థి