సవరణ: అరికాళ్ల నొప్పి, థైరాయిడ్ మాత్ర

అరికాళ్ల నొప్పికి థైరాయిడ్ హార్మోన్ తగ్గడం ఒక కారణం కావచ్చని ఇంతకుముందు రాశాం. అది చదివి, నొప్పి ఉంది కదా, థైరాయిడ్ మాత్ర డోసు పెంచుకోవచ్చా అని కొందరు అడుగుతున్నారు. సొంతంగా వద్దు. డోసు మించితే గుండె దడ, ఏళ్ల తరబడి అలాగే సాగితే ఎముకలు గుల్ల.

ముందు నొప్పి తీరు చూడండి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పొడిచినట్టుండి, కాస్త నడిచాక తగ్గితే అది ఎక్కువగా ప్లాంటార్ ఫేషియైటిస్, అంటే మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఉండే పట్టీ లాంటి కణజాలం దెబ్బతినడం. థైరాయిడ్ బాగున్నవాళ్లకూ వస్తుంది. థైరాయిడ్ తగ్గినప్పుడు కణజాలం ఉబ్బి, చీలమండ లోపలివైపు ఎముక వెనక సందులో నరం నొక్కుకుపోవచ్చు. అక్కడ వేలితో తడితే అరికాల్లోకి కరెంటు పాకినట్టు జివ్వుమంటుంది. మంట, తిమ్మిరి రాత్రిళ్లు ఎక్కువ. షుగర్, బి12 లోపం కూడా అరికాళ్లలో మంట, తిమ్మిరి తెస్తాయి కాబట్టి, థైరాయిడ్ తగ్గితే రక్తంలో పెరిగే హార్మోన్ టీఎస్‌హెచ్‌తో పాటు ఆ టెస్టులూ చేయించాలి.

డోసు చాలట్లేదు అనుకునే ముందు మాత్ర ఎలా వేసుకుంటున్నారో చూసుకోండి. పరగడుపున, మంచినీళ్లతోనే. ఇరానీ చాయ్ ఎంత ప్రాణమైనా కనీసం అరగంట, వీలైతే గంట ఆగాల్సిందే. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం. జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ వాడేవాళ్లు టెస్టుకు 2 రోజుల ముందు ఆపాలి, లేదంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపొచ్చు. డాక్టరు డోసు మార్చాక 6 నుంచి 8 వారాలకు మళ్లీ టెస్టు. రెండు వారాలకే పరుగెత్తితే డబ్బు దండగ.

ఒక్క పిక్కే వాచి, ఎర్రబడి నొప్పిపెడితే థైరాయిడ్ సంగతి పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.