కన్ను ఎర్రబడితే అందరికీ ఒకటే చుక్కల మందా?

మా తిరుపతిలో వానలు పడి, హాస్టళ్ళు నిండాయంటే కండ్లకలక కూడా మొదలైనట్టే. ఇక ఏ మెడికల్ షాపు ముందు నిలబడినా వినిపించే మాట ఒకటే: "అనా, కండ్లు ఎర్రగా ఉండాయి, చుక్కల మందు ఒకటి ఇయ్యి." ఎన్నాళ్ళయింది, నొప్పి ఉందా, పుసి కడుతోందా, నీరు కారుతోందా అని అటు అడిగేవాళ్ళు లేరు, ఇటు చెప్పేవాళ్ళూ లేరు. అర నిమిషంలో సీసా చేతికొస్తుంది. కలక తగ్గాక అది టీవీ పక్కన చేరుతుంది. కొన్ని నెలలకు మామ కంట్లో పడుతుంది, ఆ తర్వాత పక్కింటి పిల్లోడి కంట్లో. కడుపునొప్పి అంటే ఎక్కడ, ఎప్పటినుంచి అని అడిగే మనమే కంటికి మాత్రం రంగు చూసి మందు వేసేస్తాం.

కలకల్లో చాలావరకు వైరస్‌తో వచ్చేవే. 2023 వానాకాలంలో దేశమంతా పాకింది కూడా ప్రధానంగా వైరస్ కలకే. యాంటీబయాటిక్ చుక్కలు బాక్టీరియాను చంపుతాయి, వైరస్‌ను ఏమీ చేయలేవు. ఆ కలక వారం పది రోజుల్లో దానంతటదే సర్దుకుంటే, మనం ఆ పేరు సీసాకు కట్టబెడతాం. పసుపో ఆకుపచ్చో రంగులో చిక్కటి పుసి కట్టి, తుడిచిన కొద్దీ వస్తుంటే బాక్టీరియా అనుకోవచ్చు. నీళ్ళు కారుతూ, జలుబు, గొంతునొప్పి తోడై, ఒక కంటి నుంచి రెండో కంటికి పాకితే వైరస్ కావచ్చు. దురదే ఎక్కువైతే అలర్జీ. ఇది అంచనా వరకే సుమా, వైరస్ కలకలోనూ పొద్దున్నే రెప్పలు అతుక్కుంటాయి.

నాకు ఒళ్ళు మండేది వీటన్నిటికంటే ఆ కాంబినేషన్ చుక్కల దగ్గర. మాక్సిఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపి ఒకే సీసాలో అమ్ముతారు. డాక్టర్లు ఆపరేషన్ తర్వాత రాస్తారు, వేరే అవసరాలకూ రాస్తారు, అందులో తప్పేమీ లేదు. కానీ స్టెరాయిడ్ పడితే మర్నాటికే ఎరుపు విరుగుతుంది, మంట తగ్గుతుంది. దాంతో "ఆ షాపాయన ఇచ్చే మందు అమృతమబ్బా" అని పేరు వచ్చేస్తుంది. జబ్బు మాత్రం లోపల దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. హెర్పిస్ వైరస్ వల్ల నల్లగుడ్డు మీద పుండు పడినవాళ్ళకు ఈ చుక్కలు వేస్తే పుండు పెరుగుతుంది. డాక్టరు చూడకుండా వారాలూ నెలలూ వాడుకుంటూ పోతే కంట్లో ప్రెషర్ పెరిగి గ్లకోమా, అంటే నీటికాసులు, రావచ్చు, శుక్లమూ రావచ్చు. గ్లకోమాతో పోయిన చూపు తిరిగి రాదు.

మన చిత్తూరు పల్లెల్లో ఇంకో ప్రమాదం ఉంది. చెరకు కొట్టేటప్పుడు ఆకు కంటికి గీసుకుంటుంది, నూర్పిళ్ళలో వరి పొట్టు ఎగిరి పడుతుంది. అలాంటి దెబ్బతో కంట్లో పట్టేది చాలాసార్లు ఫంగస్. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు, నాటామైసిన్ లాంటి వేరే మందు కావాలి. స్టెరాయిడ్ పడితే ఇంకా ముదురుతుంది. ఆకు గీసుకున్న కంటికి షాపులో అడిగి చుక్కలు తెచ్చుకోవడమంటే చూపుతో జూదమాడటమే.

సరే, డాక్టరు చూసి బాక్టీరియా అనే తేల్చి యాంటీబయాటిక్ రాశారనుకుందాం. మనం వేసుకునే తీరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. తల వెనక్కి వాల్చి మూడు నాలుగు చుక్కలు ధార కడతారు. కంట్లో పట్టేది ఒక్క చుక్కే, మిగిలింది చెంప మీదకే. చేతులు కడుక్కుని, కింది రెప్పను కాస్త లాగి, ఆ సంచిలో ఒక్క చుక్క వేసి, కన్ను మూసి, ముక్కు పక్క మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి పెడితే మందు గొంతులోకి జారదు. చుక్కలు వేశాక నోరు చేదెక్కిందంటే అది ముక్కులోంచి గొంతుకు దిగిందన్నమాట. రెండు రకాల మందులుంటే మధ్య ఐదు నిమిషాలైనా ఆగాలి, ఆయింట్‌మెంట్ చివర్లో. సీసా మూతి రెప్పకు గానీ వేలికి గానీ తగలకూడదు. తగిలితే ఆ కంట్లో క్రిములు సీసాలోకి చేరతాయి, అందుకే ఒకరి సీసా ఇంకొకరికి ఇవ్వొద్దని మొత్తుకునేది. లేబుల్ మీద ఎక్స్‌పైరీ తేదీ మూత తీయని సీసాకు. తీశాక చాలా చుక్కల మందులు నెల దాటితే పారేయాల్సినవే. రాసినన్ని రోజులూ వేయాలి, ఎరుపు పోయిందని రెండో రోజే ఆపేయకూడదు.

నందివర్ధనం పూలు పెట్టడం, తల్లిపాలు పిండటం గురించి మా అవ్వలతో వాదించే ఓపిక నాకు లేదు. పువ్వు చల్లగా ఉంటుంది, కాదనను. కానీ జబ్బు కంట్లో రెండూ వద్దు.

"ఓపీకి పోతే సగం రోజు గోవింద" అనేవాళ్ళ మాట కొట్టిపారేయలేను. కూలి పోగొట్టుకుని రుయా ఆసుపత్రిలోనో అరవింద్ కంటి ఆసుపత్రిలోనో చీటీ కోసం నిలబడటం తేలిక కాదు. అందుకే చెప్తున్నా, మామూలు కలకైతే విడిగా టవల్ పెట్టుకుని, చేతులు కడుక్కుంటూ, చల్లటి తడిగుడ్డ పెట్టుకుని రెండు మూడు రోజులు చూడండి, తగ్గుముఖం పట్టకపోతే వెళ్ళండి. కానీ కన్ను నొప్పిగా ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా, ఆకో పొట్టో తగిలినా ఆ రోజే వెళ్ళాలి. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు వాటిని వెంటనే తీసేసి వెళ్ళాలి. నెల నిండని పసిబిడ్డ కంట్లో పుసి కనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగొద్దు.