గాలి తూచే సెన్సార్ గారికి కడప నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ గారి దివ్య సముఖానికి,

కడప వాస్తవ్యుడు, ఒక పాత కారు యజమాని చేసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ ఎండలు దివ్యంగా ఉన్నాయి. లీటరు పెట్రోలు వంద దాటి చాలా కాలమైంది, వెనక్కి తిరిగి వచ్చే ఉద్దేశం దానికి ఉన్నట్టు లేదు.

ముందుగా తమరికి అభినందనలు. ఎయిర్ ఫిల్టర్ బాక్సు దాటాక, నల్లటి గొట్టంలో రెండు స్క్రూల కింద ఎవరి కంటా పడకుండా బతుకుతున్న తమరు ఇవాళ మా ఊళ్లో పెద్ద మనిషి అయిపోయారు. కోటిరెడ్డి సర్కిల్ దగ్గర టీ తాగుతూ ఎవరైనా "బండి మైలేజీ ఎంతొస్తాందన్నా?" అని అడగడం, ఇవతలివాడు ఎంత చెప్పినా సరే "అంతేనా! సెన్సార్ క్లీన్ చేయించు, రెండు మూడు పెరుగుతాది" అనడం మామూలైపోయింది. పన్నెండు వచ్చేవాడికీ అదే సలహా, ఇరవై రెండు వచ్చేవాడికీ అదే సలహా. జ్వరమా, పంటి నొప్పా అని అడగకుండానే ఇంజెక్షన్ వేసే ఆర్‌ఎంపీలు తగ్గిపోయారని దిగులుపడుతున్న సమయంలో ఆ లోటు ఇట్లా తీరింది.

తమరు ఎక్కిన సింహాసనం కొత్తదేం కాదని మనవి. దాని మీద ఇంతకు ముందు కార్బొరేటర్ స్క్రూ కూర్చుని ఏలింది. ఆ రోజుల్లో మెకానిక్ బండి స్టార్ట్ చేసి, చెవి దగ్గరగా పెట్టి, స్క్రూను అర టర్న్ తిప్పి, కళ్లు మూసుకుని విని, మళ్లీ పావు టర్న్ వెనక్కి తిప్పి, "ఇప్పుడు చూడన్నా" అనేవాడు. మనం అప్సర సర్కిల్ దాకా ఒక రౌండ్ కొట్టి వచ్చి "మారిందబ్బా" అనేవాళ్లం. నిజంగానే ఎంతో కొంత మారేది కూడా. గాలిలో పెట్రోలు ఎంత కలవాలో ఆ స్క్రూ చేతిలోనే ఉండేది. కార్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చి దాన్ని ఎప్పుడో దించేసింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చేసరికి కొత్త మోటార్ సైకిళ్లలోనూ దాని పాలన ముగిసింది. చెవి పెట్టి వినే పని పోయింది గానీ, చేతిలో స్క్రూడ్రైవర్ మిగిలిపోయింది. దానికి ఏదో ఒక స్క్రూ కావాలి కదా. తమరి మీద రెండున్నాయి.

అసలు తమరు చేసే పనేమిటో తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి, నలుగురూ వినేట్టు ఇక్కడే చెప్పేస్తాను. మా పసుపు యార్డులో కాటా గుమస్తా చేసే పనే తమరిదీ. ఇంజిన్‌లోకి పోయే గాలిని తూచి, చీటీ రాసి, బండిలోని కంప్యూటర్‌కి పంపడం. తూచే పద్ధతి మాత్రం ముచ్చటైనది. తమరి లోపల సన్నటి తీగో, పలచటి పొరో కరెంటుతో వేడెక్కి ఉంటుంది. గాలి దాన్ని తాకుతూ పోతూ చల్లారుస్తుంది. ఆ వేడి తగ్గకుండా నిలబెట్టడానికి ఎంత కరెంటు కావలసి వచ్చిందో, దాన్ని బట్టి ఎంత గాలి పోయిందో తెలుస్తుంది. కొలిచేది గాలి పరిమాణం కాదు, బరువు. అందుకే మే నెల మధ్యాహ్నం గాలి పలచబడినా, గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతున్నా తమరి లెక్క తప్పదు. ఆ చీటీ చూసి కంప్యూటర్ సుమారు 14.7 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోలు చొప్పున పోస్తుంది. పోసేది తమరు కాదు. యాక్సిలరేటర్ తొక్కి ఇంత గాలి కావాలని అడిగేది అసలే తమరు కాదు. అయినా రైతుకు గిట్టుబాటు కాలేదంటే కాటా తుడవండి అనే న్యాయం ఒకటి మా దగ్గర అమల్లోకి వచ్చింది.

కాటా మీద దుమ్ము పడితే తూకం తప్పుతుంది, కాదనను. అందులోనూ మాది దుమ్ముకు కరువు లేని జిల్లా. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల పాలిష్ యూనిట్లు, వాటి మధ్య తిరిగే లారీలు. సంక్రాంతికి ఇల్లు కడిగినవాళ్లు ఉగాదికి మళ్లీ కడగాలి. కానీ తమరికి ముందు ఫిల్టర్ అనే కాపలాదారు ఒకడున్నాడు. ఫిల్టర్ చిరిగినా, బాక్సు క్లిప్పు సరిగా పడకపోయినా, సైజు కుదరని చవక ఫిల్టర్ వేసినా దుమ్ము తమరి దాకా వస్తుంది. కడిగి నూనె పట్టించి వాడుకునే ఫ్యాన్సీ ఫిల్టర్లు ఉంటాయి, వాటికి నూనె ఎక్కువ పూసినా అది వచ్చి తీగకు పట్టేస్తుంది. అప్పుడు తీగకు గాలి సరిగా తగలదు, బండి బలంగా లాగేటప్పుడు ఉన్న గాలి కంటే తక్కువ ఉందని తమరు చీటీ రాస్తారు. పెట్రోలు తక్కువ పడుతుంది. బండి పికప్ పోతుంది, జర్కులిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. అది చెబితే షెడ్లవాళ్లకు కోపం వస్తుంది. తమరు తప్పుడు చీటీ రాస్తే పట్టుకోవడానికి సైలెన్సర్ దారిలో ఆక్సిజన్ సెన్సార్ అనే ఇంకొకరు కూర్చుని ఉంటారు. పొగలో ఆక్సిజన్ మిగిలిందని ఆయన చెబితే కంప్యూటర్ ఇంకొంచెం పెట్రోలు కలిపి లెక్క సరిచేస్తుంది. సరిచేసీ చేసీ దాని హద్దు దాటితే చెక్ ఇంజిన్ లైటు వెలిగించి, పి0171 అని, అంటే గాలికి తగినంత పెట్రోలు పడటం లేదని, కోడ్ రాసి పెడుతుంది. ఆ లైటు లేదు, జర్కు లేదు, ఐడ్లింగ్ నున్నగా ఉంది అంటే, క్లీన్ చేసినా పెరగడానికి అక్కడ పోయినది పెద్దగా ఏమీ లేదు. నిజంగా దుమ్ము పట్టిన సెన్సార్‌ని తుడిస్తే పోయిన పికప్ తిరిగి వస్తుంది. పికప్ వచ్చిన ఆనందంలో మనవాడు ఇంకా గట్టిగా తొక్కుతాడు. ఆ తర్వాత మైలేజీ సంగతి తమరికి నేను చెప్పాలా?

తమరికి జరుగుతున్న అభ్యంగన స్నానాల గురించి కూడా విచారం తెలియజేస్తున్నాను. పద్ధతి ప్రకారం ఇంజిన్ చల్లారాక, ఇగ్నిషన్ ఆపేసి, కనెక్టర్ తీసి, తమరి కోసమే తయారైన స్ప్రేని కొంచెం దూరం నుంచి కొట్టి, వేలు పెట్టకుండా పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ బిగించాలి. అంతే పని. స్ప్రే డబ్బా దొరికితే ఇంట్లోనే అయిపోతుంది. కానీ మా షెడ్లలో కంప్రెసర్ గాలి సర్వరోగ నివారిణి. ఫిల్టర్‌కి అదే, ఫోన్‌లో దుమ్ముకి అదే, మధ్యాహ్నం చెమటకి అదే. అంత ప్రెషర్‌తో తమరి తీగ మీద కొడితే అది నిలుస్తుందా? నిలిస్తే పెట్రోలులో ముంచిన బ్రష్ ఉంది. దానికీ నిలిస్తే కార్బొరేటర్ క్లీనర్ ఉంది. అన్నిటికీ తట్టుకున్నా చివర్లో పాత బనియన్ గుడ్డ ఉంది. అందుకే ఈ నెల బిల్లులో 'సెన్సార్ క్లీనింగ్' అని ఉంటే వచ్చే నెల బిల్లులో 'సెన్సార్ కొత్తది' అని ఉంటుంది. మైలేజీ ఆశతో వెళ్లినవాడు కొన్నాళ్ల పెట్రోలు డబ్బు అక్కడే పోసి వస్తాడు.

ఇంకో విశేషం. తమరు ప్రతి బండిలోనూ ఉండరు. చాలా చిన్న పెట్రోలు కార్లలో తమరికి బదులు మ్యాప్ సెన్సార్ ఉంటుంది. అది గాలిని తూచదు, ఇంజిన్‌కి గాలి పంచే మానిఫోల్డ్ గొట్టంలోని ఒత్తిడిని, ఉష్ణోగ్రతను చూసి కంప్యూటరే గాలి ఎంతో లెక్క కట్టుకుంటుంది. మోటార్ సైకిళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అయినా మా ఊళ్లో తమరు లేని కార్లలో తమరిని క్లీన్ చేసి, తమరి పేరు మీద డబ్బు తీసుకున్న ఘనులున్నారు. ఆ కార్ల యజమానులు కూడా "తేడా తెలుస్తాందన్నా" అనే అంటున్నారు. లేకుండానే ఇంత మేలు చేస్తున్న తమరి మహిమను ఏమని పొగడను! డీజిల్ బండ్లలో మాత్రం తమరుంటారు. అయితే అక్కడ తమరి చీటీ ముఖ్యంగా ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) లెక్కకీ, పొగ అదుపుకీ పనికొస్తుంది.

తమరి పాపం ఆక్సిజన్ సెన్సార్‌కీ చుట్టుకుంది. ఆయనకు 300 డిగ్రీలు దాటితే గానీ నోరు రాదు. అంత వేడిలో కూర్చుని, మిశ్రమం రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువగా, ఉంటే 0.9 వోల్టుల దగ్గర, లీన్‌గా, అంటే తక్కువగా, ఉంటే 0.1 దగ్గర పలుకుతుంటాడు. ఆయన్ని విప్పి, నల్లగా ఉన్నాడని, రాత్రంతా పెట్రోలులో నానబెడుతున్నారు. పైపైన పట్టిన మసి ఆ వేడికి తనే కాలిపోతుంది. సిలికాన్ సీలెంట్, కాలిన ఆయిల్ బూడిద లోపలికి పట్టాయంటే ఏ స్నానానికీ పోవు, కొత్తది వేయాల్సిందే. పూర్వం సీసం కలిపిన పెట్రోలు ఆయన ప్రాణం తీసేది, అది మన దేశంలో 2000లోనే ఆగిపోయింది. ఇక వీడియోల్లో "ఆక్సిజన్ సెన్సార్‌తో 40 శాతం మైలేజీ" అని ఊదరగొడుతున్నారు. ఆ 40 గాలిలోంచి పుట్టలేదు. అమెరికా ఇంధన శాఖ చెప్పినదే, కానీ సెన్సార్ పూర్తిగా పాడైన బండికి, దాన్ని బాగుచేస్తే, అత్యధికంగా అంతవరకు రావచ్చని. బాగున్న సెన్సార్‌ని నానబెడితే అని వాళ్లు చెప్పలేదు. కాలు విరిగినవాడికి కట్టు కడితే నడుస్తాడు గదా అని బాగున్నవాళ్లందరికీ కట్టు కడుతున్నారు మావాళ్లు.

ఇంతకీ పెట్రోలు ఎక్కడికి పోతోందో తమరికి తెలుసు, చీటీలన్నీ తమరే రాస్తారు కాబట్టి. గువ్వలచెరువులో పాలకోవా కొనడానికి ఆగుతారు. పిల్లలకు ఉక్క పోస్తుందని ఏసీ నడుస్తూనే ఉంటుంది. నిలబడి నడిచే ఇంజిన్ మైలేజీ లీటరుకి సున్నా కిలోమీటర్లు, ఏ సెన్సార్‌ని కడిగినా అది ఒకటి కాదు. హైవే ఎక్కితే గంటకు 120 కిలోమీటర్ల మీద పోతారు. 80లో ఉన్నప్పుడు బండిని ఆపే గాలి బలంతో పోలిస్తే 120లో అది రెండింతలు దాటుతుంది. టైర్లలో గాలి చూసి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తుండదు. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, దాని మీద మన పిల్లలు కార్టూన్ స్టిక్కర్ అంటించి ఉంటారు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ వచ్చి చేరింది, ఇథనాల్‌లో లీటరుకి శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. దానికి తగ్గట్టు తయారుకాని కార్లలో 6–7 శాతం మైలేజీ తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021లోనే అంచనా వేసింది. ఆ తగ్గినది కూడా తమరి ఖాతాలోనే రాస్తున్నారు.

బ్రోచర్‌లోని ఏఆర్‌ఏఐ (బండ్లను పరీక్షించే సంస్థ) మైలేజీ ఒకటి. ల్యాబులో రోలర్ల మీద, గంటకు 90 దాటకుండా నడిపి కట్టిన లెక్క అది. ఆ రోలర్ల మీద ఘాట్ రోడ్డు లేదు, స్పీడ్ బ్రేకర్ లేదు, అడ్డంగా పడుకున్న ఎనుములు లేవు. ఆ అంకెను పట్టుకుని "నా బండికి అయిదు తక్కువొస్తాంది" అని దిగులుపడేవాళ్లకు కాటా తుడవడం తప్ప ఇంకో దారి తోచడం లేదు.

తమరి మహిమ నిరూపణ అయ్యే తీరు కూడా మనవి చేస్తాను. క్లీనింగ్‌కి ముందు మైలేజీ ఏడు రోడ్ల కూడలి ట్రాఫిక్‌లో, పెళ్లిళ్ల సీజన్‌లో, ఏసీ వేసుకుని చూసింది. తర్వాతది మైదుకూరు వైపు, తెల్లవారుజామున, ఒక్కడే కూర్చుని, 70 దాటకుండా, డిస్‌ప్లే మీద అంకెనే చూస్తూ నడిపితే వచ్చింది. "ఇరవై రెండు చూపించిందన్నా!" చూపించదా మరి? ఫుల్ ట్యాంక్ ఆటో కట్ దాకా కొట్టించి, అలవాటైన దారిలోనే తిరిగి, మళ్లీ అదే బంకులో ఆటో కట్ దాకా కొట్టించి భాగిస్తే నిజం తెలుస్తుంది. కానీ నిజం ఇరవై రెండు అని చెప్పదని అందరికీ ఒక అనుమానం.

కాబట్టి విన్నపం ఏమనగా, తమరికి నిజంగా దుమ్ము పట్టిన రోజు మొహమాటపడకుండా లైటు వెలిగించండి. స్కానర్ పెట్టి చూసుకుంటాం, తమరి స్ప్రేతోనే స్నానం చేయిస్తాం, ఫిల్టర్ బాక్సు క్లిప్పులు సరిచూస్తాం. మిగతా రోజుల్లో తమరి రెండు స్క్రూలను తమరే కాపాడుకోవాలి, మా వల్ల కాదు.

పోతే, తమరు తొందరలోనే పదవి దిగబోతున్నారని మా ఊళ్లో వినిపిస్తోంది. సూట్‌కేసంత ఒక యంత్రం వచ్చింది. లోపల నీళ్లు బుడబుడమంటాయి, దాన్నుంచి హైడ్రోజన్ తీసి ఇంజిన్‌లో కార్బన్ అంతా కాల్చేస్తారట, మైలేజీ పెరుగుతుందట. దాని గొట్టం పెట్టేది తమరుండే గాలి దారిలోకే. వచ్చినప్పుడు కొంచెం పక్కకు జరిగి చోటివ్వండి.

ఇట్లు,
మైలేజీ ఎంతో ఎవరికీ చెప్పని ఒక కడప వాసి