షుగర్, పేగు పూత రెండూ ఉన్నవాళ్లకంటూ తిరుగుతున్న ఆ మెసేజీ సంగతి

ఒకే మెసేజీ వారంలో నాలుగు వైపుల నుంచి వచ్చింది నాకు. మొదట మా బాబాయ్ పంపారు, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపు, ఆ తర్వాత పాత ఆఫీసు వాళ్లు, ఆఖరికి మందుల షాపతను కూడా. అందులో ఉన్నదిది: "షుగర్, పేగు పూత రెండింటికీ మూలం తిండే. స్టెరాయిడ్ వల్లే షుగర్ వస్తోంది, రేపే ఆపేయండి. మూడు పూటలా సిరిధాన్యాలు, పచ్చి కూరలు, పరగడుపున మెంతులు, రాత్రికి త్రిఫల. ఓఆర్‌ఎస్ ముట్టుకోవద్దు, అంతా చక్కెరే. మూడు నెలల షుగర్ 7 లోపుంటే వేరే పరీక్షలు దండగ. ఇన్సులిన్ దాకా వెళ్తే ఇక వెనక్కి రాలేరు. 90 రోజుల్లో రెండూ మాయం." కింద వరసగా దండం పెట్టే బొమ్మలు.

నేను డాక్టర్ని కాదు. షుగర్ వచ్చి పదకొండేళ్లు, అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు పూత, అని తేలి ఆరేళ్లు. ఈ మెసేజీ రాసినాయన షుగరున్న వాళ్లని చూసుంటాడు, పేగు పూత ఉన్నవాళ్లనీ చూసుంటాడేమో, రెండూ ఒకే ఒంట్లో పెట్టుకుని తిరిగే మనిషిని మాత్రం చూసి ఉండడు. చూసుంటే ఒకదానికి మేలు చేసేది రెండోదానికి ఎక్కడ తగులుతుందో తెలిసేది.

మూలం తిండే అన్నది తొందరగా తేల్చేద్దాం. టైప్ 2 షుగర్‌లో తిండి, బరువు, వంశం అన్నిటికీ పాత్ర ఉంది, కాదనను. కొలైటిస్ అలా కాదు, మన రోగనిరోధక శక్తే మన పెద్దపేగు లోపొర మీద పడే జబ్బు. తిండి బాధను పెంచొచ్చు, తగ్గించొచ్చు, కానీ ఫలానాది తిన్నందుకే వచ్చిందని చెప్పడానికి లేదు. మా అమ్మ ఇప్పటికీ నేను కాలేజీలో తిన్న మిర్చి బజ్జీల మీదకే తోసేస్తుంది, అది వేరే విషయం.

స్టెరాయిడ్ మాటలో సగం నిజముంది, అందుకే అన్నిటికంటే ఇదే ప్రమాదం. పేగు పూత ఎక్కువైనప్పుడు వాపు తగ్గడానికిచ్చే స్టెరాయిడ్ షుగర్ పెంచుతుంది, బాగానే పెంచుతుంది, కాకపోతే పెంచే వేళ వేరు. నేను పొద్దున ఎనిమిదింటికి టిఫిన్ చేసి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములు వేసుకునేవాణ్ని. పరగడుపున చూస్తే 108. అప్పట్లో చూపించుకున్న డాక్టరు గారు ఆ అంకె చూసి బాగుందన్నారు, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే కుర్రాడు ఆరున్నరకే వస్తాడు కాబట్టి నా ఫైల్లో ఇంకో అంకే లేదు. ఒకరోజు నోరు పిడచకట్టుకుపోయి, మధ్యాహ్నం నుంచి గంటకోసారి బాత్రూంకి వెళ్లాల్సొచ్చి, అనుమానంతో సాయంత్రం నాలుగింటికి వేలు గుచ్చుకుంటే మీటర్లో 312. పొద్దున వేసుకున్న బిళ్ల దెబ్బ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా కనబడుతుంది, తెల్లారేసరికి చాలావరకు దిగిపోతుంది. పరగడుపు ఒక్కటే చూసుకునేవాడికి ఇది ఎప్పటికీ తెలియదు. స్టెరాయిడ్ మీదున్నప్పుడు మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకి, రాత్రి భోజనానికి ముందు స్ట్రిప్ పెట్టుకోండి.

అయితే దీనికి మందు రేపే ఆపడం కాదు. కొన్ని వారాలు స్టెరాయిడ్ వాడితే కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు, బయట్నుంచి వస్తోంది కదా అని, తాము చేసే కార్టిసాల్‌ని, అంటే ఒంట్లో సహజంగా పుట్టే స్టెరాయిడ్‌ని, తగ్గించేస్తాయి. ఒక్కసారిగా ఆపితే వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం, ప్రాణం మీదికి రావడం కూడా జరుగుతుంది. అందుకే డాక్టర్లు మెట్లు దిగినట్టు తగ్గిస్తారు, నాకు వారానికి 5 మిల్లీగ్రాముల చొప్పున తగ్గించారు. ఇంకోటి, ఈ మెసేజీ చదివి స్టెరాయిడ్‌తో పాటు పేగు పూతకి వాడే మెసలమీన్ కూడా పక్కన పెట్టేసినాయన ఒకరు తెలుసు నాకు. అది స్టెరాయిడే కాదు, షుగర్ పెంచే మందూ కాదు.

తిండి సంగతి. కొర్రలు, సామలు, అరికెలు మంచివే, జబ్బు సద్దుమణిగి ఉన్నప్పుడు నేనూ కొర్రన్నం తింటాను. కానీ రోజుకి పదిసార్లు రక్తం, జిగురు పడుతున్నప్పుడు పచ్చి క్యారెట్టు, నానబెట్టిన మెంతులు లోపలికి తోస్తే కడుపు మెలిపెట్టడం నాకు అనుభవమే. పేగు వాపుల్లోనే ఇంకో రకమైన క్రోన్స్ జబ్బుతో పేగు ఒకచోట సన్నబడినవాళ్లకైతే పీచు అక్కడ ఇరుక్కుని అడ్డం పడే ప్రమాదం కూడా ఉంది. అలాంటి రోజుల్లో నా పళ్లెంలో మెత్తగా ఉడికిన తెల్లన్నం, పెసరకట్టు, చెక్కు తీసి గింజలు లేకుండా వండిన సొరకాయ, ఒక గుడ్డు. షుగర్ చార్టు ప్రకారం తెల్లన్నం దోషి. ఏం చేస్తాం, కప్పుతో కొలుచుకుని, కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తిని, మిగతాది మందుతో సర్దుకుంటాం. ఇక త్రిఫల, అది విరేచనం సాఫీగా అవ్వడానికి వాడేది. బాత్రూం గడియ తీసే టైము కూడా లేనివాడికి అదేం వైద్యమో నాకర్థం కాలేదు.

మెసేజీలో లేకపోయినా చెప్పాల్సింది ఒకటుంది, మీ షుగర్ బిళ్లల అట్ట వెనక చూడండి. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్‌తో పాటు వోగ్లిబోస్ అని ఉంటే డాక్టర్నడగండి. అది పిండిపదార్థం చిన్నపేగులో అరగడాన్ని ఆలస్యం చేస్తుంది, అరగనిది పెద్దపేగులో పులిసి గ్యాసు, లూజ్ మోషన్లు. ఇదే జాతి మందైన అకార్బోస్‌ని పేగు పూత ఉన్నవాళ్లకి వాడొద్దని దాని కాగితంలోనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ కూడా కొందరికి మోషన్లు చేస్తుంది. నేను రెండు నెలలు జబ్బు తిరగబెట్టిందనుకుని ఏడ్చాను, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ టెస్టు చేయిస్తే వాపు లేదు, మెల్లగా కరిగే రకం బిళ్లకి మార్చాక మోషన్లు తగ్గాయి.

ఓఆర్‌ఎస్‌లో చక్కెర ఉంది, నిజం. ఎంత? డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్, అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసుకి 2.7 గ్రాములు, ఒక టీస్పూను కూడా కాదు. ఉప్పునీ నీళ్లనీ పేగు లోపలికి లాక్కోవడానికే ఆ గ్లూకోజ్ ఉంది, రుచికి కాదు. తీపి డ్రింకుల సంగతి వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, ఆ ఫార్ములాలో లేని డ్రింకులు పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకోకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. ప్యాకెట్ మీద ఫార్ములా చూసి కొనండి. మోషన్లతో ఒంట్లో నీరు పోతున్నప్పుడు భయపడాల్సింది ఈ 2.7 గ్రాములకి కాదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ బిళ్లలు వాడేవాళ్లకి అలాంటప్పుడు షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుపోవచ్చు. తిండి తినకుండా గ్లిమిపిరైడ్ వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు. నీరసించిన రోజున ఏ బిళ్ల ఆపాలో, ఏది ఆపకూడదో ముందే డాక్టర్ని అడిగి కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్‌కి అంటించుకోండి, నేనదే చేశాను.

"మూడు నెలల షుగర్ 7 లోపుంటే చాలు." పూత నుంచి రక్తం పోయేవాళ్ల దగ్గర ఈ టెస్టు (హెచ్‌బీఏ1సీ) అబద్ధమాడుతుంది. అది కొలిచేది ఎర్రకణాలకి అంటుకున్న చక్కెరని, ఆ కణాల ఆయుష్షు సుమారు 120 రోజులన్న లెక్క మీద. ఐరన్ లేక రక్తహీనత ఉంటే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, రక్తం ఎక్కించుకున్నా, ఐరన్ పెట్టించుకుని కొత్త కణాలు పుడుతున్నా తక్కువ చూపించొచ్చు. పేగు పూతకి వాడే సల్ఫాసలజీన్ కొందరిలో ఎర్రకణాల్ని పగలగొడుతుంది, అప్పుడూ తక్కువే. నాకు హిమోగ్లోబిన్ 8.2 ఉన్నప్పుడు మూడు నెలల అంకె 7.9 వచ్చింది, ఐరన్ ఎక్కించుకున్నాక 6.6. మీటర్లో అంకెలు మాత్రం అవే.

ఇన్సులిన్ దాకా వెళ్తే వెనక్కి రాలేరట. 312 చూసిన మర్నాడే నాకు పొద్దున పూట ఇన్సులిన్ మొదలుపెట్టారు, స్టెరాయిడ్ ఎక్కే వేళకే అదీ పనిచేసేలా, 18 యూనిట్లు. స్టెరాయిడ్ తగ్గే కొద్దీ దాన్నీ తగ్గించాలి. ఒక వారం బిళ్ల 20కి దించి ఇన్సులిన్ తగ్గించడం మర్చిపోయాను, సాయంత్రం ఆరింటికి చేతులు వణికి, చెమటలు పట్టి, మీటర్లో 61. మా ఆవిడ గ్లూకోజు నీళ్లు తాగించి, ఆ రాత్రే క్యాలెండర్లో ప్రతి సోమవారం గడిలో బిళ్ల ఎన్ని, యూనిట్లు ఎన్ని అని డాక్టరు చెప్పినట్టు రాసేసింది. బిళ్ల 5కి వచ్చిన వారం యూనిట్ల దగ్గర సున్నా ఉంది. సగం మిగిలిన పెన్ను ఫ్రిజ్ తలుపులో ఉండిపోయింది, గడువు దాటాక మొన్ననే తీసి పారేశాం.