సవరణ: వరోవా నల్లి తేనెటీగలో తినేది ఏమిటి

గుంటూరు చుట్టుపక్కల తేనెపెట్టెలు పెట్టుకున్నవాళ్ల కోసం మొన్న రాసిన పోస్టులో, వరోవా నల్లి (తేనెటీగలకు పట్టే చిన్న పరాన్నజీవి) ఎదిగిన ఈగల రక్తం పీల్చి బతుకుతుందన్నాను. అది తప్పు. 2019లో అమెరికాలో వెలువడిన పరిశోధన ప్రకారం, ఎదిగిన ఈగల్లో అది ముఖ్యంగా తినేది కొవ్వు కణజాలాన్ని. మనకు కాలేయం ఎలాగో ఈగకు అది అలాగ: పోషకాల నిల్వ, రోగనిరోధకత, విషాల విరుగుడు అన్నీ దానిమీదే ఆధారం. మిర్చి, పత్తి చేల పురుగుమందుల మధ్య తిరిగే ఈగకు ఇది పెద్ద దెబ్బ. ఈగల రెక్కలు ముడుచుకుపోయేలా చేసే వైరస్‌నీ ఈ నల్లే మోస్తుంది.

ఈగ పిల్లలు పెరిగే, మూత వేసిన గదుల్లోనే నల్లి గుడ్లు పెడుతుందని ఆ పోస్టులో అన్న మాట మాత్రం సరైనదే. ఈగల మీద కనిపించలేదని వదిలేయకండి, మగ ఈగ పిల్లలు పెరిగే గదులు కొన్ని విప్పి చూడండి.