ఆయన నన్నేమీ అడగలేదు

పోయిన ఏడాది నాన్న పేరు మీదున్న స్థలాన్ని మా పేరుకు మార్పించడానికి ఒడిశాలోని పర్లాకిమిడి వెళ్లాను. చేతిలో ఉన్నది పది రోజుల సెలవు. కాగితాలన్నీ ఒడియాలో ఉంటాయి, నాకు మాట్లాడటం వచ్చు గానీ చదవాలంటే తడబాటే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పటి నుంచీ మాది అదే కథ, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా.

అలాంటి చోట ఒక గుమాస్తాగారు "ఏ వీధి బాబూ మీది?" అని తెలుగులో పలకరించేసరికి ప్రాణం లేచొచ్చింది. దరఖాస్తు కూడా ఆయనే నింపారు. నేను ఫైల్లో 500 నోటు పెట్టి అందించాను. ఆయన నా మొహం చూడలేదు, నోటు వంకా చూడలేదు. పక్కాయనతో మాట్లాడుతూనే ఫైలును సొరుగులోకి వంచి, మోకాలితో సొరుగు మూసేశారు.

నాలుగు రోజులాగి ఉత్త చేతులతో వెళ్లాను. ఆయనకు కోపం రాలేదు, చిన్నబుచ్చుకున్నారు! పెళ్లికి పిలవని చుట్టాన్ని చూసినట్టు చూశారు. ఆ చూపు నన్నింకా వదల్లేదు.

లంచం తీసుకునేవాడంటే ఆశపోతు అనుకుంటాం. చాలామంది అలాంటివాళ్లే కావచ్చు, కానీ ఈయన లెక్కలో అది లంచమే కాదు, చేసిన సాయానికి మర్యాద. మనం మామూలు అంటాం, అక్కడ ఒడియాలో చా పాణి (టీనీళ్లు) అంటారు, రెండు మాటల్లోనూ తప్పు అన్న వాసనే ఉండదు. మొదటిసారి ఆయన చెయ్యీ వణికే ఉంటుంది. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, సొంత లాభానికి అబద్ధం ఆడేకొద్దీ మెదడులో భావోద్వేగాలకు స్పందించే అమిగ్డలా అనే భాగం స్పందన తగ్గుతూ వచ్చింది, అబద్ధాలేమో పెద్దవవుతూ పోయాయి. వణుకు పోయాక మిగిలేది అలవాటే, అలవాటైనది అందకపోతే మనసు కష్టపెట్టుకోవడం మామూలే.

మరి ఆ అలవాటు చేసిందెవరు? మనమే, ముఖ్యంగా సెలవులకు వచ్చి పని అయిపోవాలని టెన్షన్ పడే మనలాంటివాళ్లం. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం ఇచ్చినవాడిదీ నేరమే, బలవంతం మీద ఇచ్చి ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే మినహాయింపు. నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఎవరి మీదని ఫిర్యాదు చెయ్యను?

స్థలం పని ఇంకా కాలేదు. వచ్చే జనవరికి నెల రోజుల సెలవు అడిగాను. తొందర లేకపోతే నా చెయ్యి జేబులోకి పోదని ఆశ.