బిషప్పూ, ప్రధానమంత్రీ: మోన్రాడ్ మీద మా ఇంట్లో గొడవ

పాస్టర్లు ఎలక్షన్‌లో నిలబడొచ్చా అనే మాట దగ్గర మొదలైంది. భోజనాలయ్యాక మా బాబాయ్ డెన్మార్క్ బిషప్ మోన్రాడ్ పేరు ఎత్తాడు. గుంటూరు లూథరన్ క్రైస్తవ కుటుంబం మాది, ఆయన చర్చి కమిటీలో పాతికేళ్ల నుంచి ఉన్న మనిషి. మా అక్కేమో హిస్టరీ లెక్చరర్, ఊరుకుంటుందా? నేను బాబాయ్ పక్షం, ముందే చెప్పేస్తున్నా, అందుకే కింద ఆయన మాటలే ఎక్కువ కనిపిస్తే తిట్టుకోకండి.

బాబాయ్: ఎందుకు నిలబడకూడదమ్మా? డిట్లెవ్ మోన్రాడ్ లూథరన్ పాస్టరే కదా. 1848లో యూరప్ అంతా జనం రాజుల మీద తిరగబడుతుంటే డెన్మార్క్ రాజు సర్వాధికారం వదులుకున్నాడు. మరి ఏ పద్ధతిలో పాలించాలో ఒకరు రాయాలి కదా, ఆ మొదటి ముసాయిదా రాసింది ఈయన. 1849 జూన్ 5న రాజు సంతకం పెట్టాడు, ఇవాళ్టికీ వాళ్లకి జూన్ 5 రాజ్యాంగ దినం. పత్రికలకి స్వేచ్ఛ, సంఘం పెట్టుకునే హక్కు, ఏ మతమైనా పాటించే హక్కు, అన్నీ అందులో ఉన్నాయి. లూథరన్ కానివాడికి కూడా జాగా ఇచ్చింది లూథరన్ పాస్టరేనమ్మాయ్, అది చూడు.

అక్క: ఆడవాళ్లకి ఓటు ఇచ్చాడా?

బాబాయ్: 1849లో ఎక్కడిచ్చారు!

అక్క: పోనీ మగవాళ్లందరికీ ఇచ్చాడా? 30 ఏళ్లు నిండాలి, సొంత కాపురం ఉండాలి. ఒకరింట్లో పనిచేస్తూ అక్కడే తిని పడుకునే పాలేరుకి ఓటు లేదు.

బాబాయ్: ఆ కాలానికి అదే ఎక్కువ. సరే, ఇది విను. అదే 1849లో ఆయన్ని లోలాండ్-ఫాల్‌స్టర్ దీవులకి బిషప్‌ని చేశారు. అక్కడ బిషప్ అంటే రాజు నియమించే ఉద్యోగి, మన దగ్గరలాగా కాదు. పార్లమెంట్‌లో ప్రభుత్వాన్ని ఎదిరించాడని 1854లో ఆ ఉద్యోగం పీకేశారు. నోరు మూసుకుని కూర్చుంటే హాయిగా బిషప్ బంగళాలో ఉండేవాడు. రాజకీయాల్లో ఆయన సంపాదించుకున్నదేమిటో చెప్పు? పోగొట్టుకోవడమే.

అక్క: పోగొట్టుకున్నది ఆయనా, దేశమా? 1864 యుద్ధానికి రా బాబాయ్, నువ్వు అక్కడికి రాకుండా చుట్టూ తిరుగుతున్నావు.

బాబాయ్: వస్తా. ఆ గొయ్యి ఆయన తవ్వింది కాదు. 1852లో లండన్‌లో పెద్ద దేశాలన్నిటి ముందు, డెన్మార్క్ రాజు కిందే ఉన్నా విడిగా నడిచే ష్లెస్విగ్ ప్రాంతాన్ని డెన్మార్క్‌లో కలిపేసుకోబోమని మాటిచ్చారు. 1863 నవంబర్‌లో కొత్త రాజ్యాంగం తెచ్చి ఆ మాట తప్పారు. అప్పుడు ప్రధాని హాల్. జర్మన్ రాజ్యం ప్రష్యాని నడిపిస్తున్న బిస్మార్క్‌కి కావాల్సింది అదే సాకు. హాల్ దిగిపోయాడు, ఎవడూ ముందుకి రాలేదు, డిసెంబర్ 31న ప్రధాని పదవి ఈయన నెత్తిన పడింది. ఫిబ్రవరి 1కల్లా ప్రష్యా, ఆస్ట్రియా సైన్యాలు లోపలికొచ్చేశాయి. కాలిపోతున్న ఇంటి తాళాలు చేతికిచ్చి నిప్పు నువ్వే పెట్టావంటే ఎట్లా?

అక్క: హాల్ మంత్రివర్గంలో మోన్రాడ్ లేడా?

బాబాయ్: ...ఉన్నాడు.

అక్క: ఉన్నాడుగా. అగ్గిపెట్టె పట్టుకున్న వాళ్లలో ఒకడే తర్వాత తాళాలు పుచ్చుకున్నాడు. సైన్యం మొత్తం చుట్టుముట్టుకుపోతుందని డి మెజా అనే జనరల్ ఫిబ్రవరి 5 రాత్రి మంచులో వాళ్లని వెనక్కి నడిపించి కాపాడితే, ఆయన్నే తీసేశారు. డుబ్బోల్ కోట దగ్గర సేనాని వెనక్కి వస్తానని అడిగితే కోపెన్‌హాగెన్ నుంచి వద్దని టెలిగ్రామ్. ఏప్రిల్ 18 తెల్లవారుజామున 4 గంటల నుంచి ఫిరంగులు మోగుతూనే ఉన్నాయి, సరిగ్గా 10 గంటలకి ఒక్కసారిగా ఆగాయి, ఆ నిశ్శబ్దంలో ప్రష్యన్లు కందకాల్లోంచి లేచారు. చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు కలిపి డెన్మార్క్ వైపు 5 వేలకి దగ్గర. ఇంత జరిగాక కూడా లండన్‌లో కూర్చోబెట్టి, మూడో మనిషిని పెట్టుకుని సరిహద్దు తేల్చుకోండని బ్రిటన్ అడిగితే ఒప్పుకోలేదు. జూన్ 29న ఆల్స్ దీవి కూడా పోయింది. చివరికి భూమిలో దాదాపు మూడో వంతు పోయింది. అడిగినప్పుడు సగం ఇచ్చుంటే సగం మిగిలేది బాబాయ్. ప్రసంగ వేదిక మీద తిరుగులేకుండా మాట్లాడే అలవాటు ఉన్నవాడికి బేరం చేతకాదు.

(నిజం చెప్పొద్దూ, దీనికి బాబాయ్ దగ్గర జవాబు లేదు. మంచినీళ్లు తాగొచ్చి మాట మార్చాడు.)

బాబాయ్: జులైలో రాజు దింపేశాడు. ఆ తర్వాత ఏం చేశాడో చూడు. మన నాయకులైతే ఓడిపోయాక ఇంకో పార్టీలో తేలతారు. ఈయన 1865లో పెళ్లాం పిల్లల్ని తీసుకుని న్యూజిలాండ్ పోయి, కరేరే అనే చోట అడవి నరికి పొలం చేసుకున్నాడు. ప్రధానిగా చేసిన మనిషి, గొడ్డలి పట్టుకుని! పక్కనున్న ఊరి పేరేమిటో తెలుసా, పామర్‌స్టన్ నార్త్. డెన్మార్క్ మీద చెయ్యి వేస్తే డెన్మార్క్ ఒక్కటే కాదు ఎదురొచ్చేది అన్నట్టు పార్లమెంట్‌లో పలికి, తీరా యుద్ధం వచ్చాక ఒక్క ఓడ కూడా పంపని బ్రిటిష్ ప్రధాని పేరే.

అక్క: నవ్వొస్తోంది గానీ, ఆ జోకు నీ వాదనకి ఏం పనికొస్తుంది? పారిపోయాడు, అంతే.

బాబాయ్: పారిపోలేదు, ప్రాయశ్చిత్తం.

అక్క: ఎవరి భూమిలో ప్రాయశ్చిత్తం? ష్లెస్విగ్ మా భూమి అని వేలమందిని పోగొట్టినవాడు అక్కడి మూలవాసులు మావోరీల నేల మీద పొలం వేసుకున్నాడు. 1868లో మావోరీ నాయకుడు తితోకోవారు చేసిన యుద్ధం దగ్గరికి రాగానే ఇల్లు వదిలాడు, 1869లో ఓడెక్కాడు.

బాబాయ్: ఊరికే ఓడెక్కలేదు. రెంబ్రాంట్, డ్యూరర్ లాంటి వాళ్ల ముద్రణ చిత్రాలు, జీవితమంతా కూడబెట్టుకున్నవి దాదాపు 600, వెల్లింగ్టన్ మ్యూజియంకి ఇచ్చేసి వెళ్లాడు.

అక్క: బొమ్మలు ఇచ్చాడు. భూమి ఇవ్వలేదు, కొడుకులు అక్కడే ఉండిపోయారు.

బాబాయ్: నీతో పడలేం. తిరిగొచ్చాక కోపెన్‌హాగెన్ పక్కన పల్లెలో మామూలు పాస్టర్‌గా చేరాడు. 1871లో అవే దీవులకి మళ్లీ బిషప్, 1887లో చనిపోయేదాకా. మధ్యలో 1882లో, 70 దాటాక, జనం మళ్లీ పార్లమెంట్‌కి పంపారు. దేశాన్ని ముంచాడని నువ్వంటున్నావు, ఆ దేశమే ఓటేసింది.

అక్క: ఆ ఓటు ఎవరికుంది?

బాబాయ్: ఆయన రాసిన కాగితం వల్లే వచ్చిన ఓటు కదమ్మా.

అక్క: అదే అడుగుతున్నా. పాలేరుకి డుబ్బోల్‌లో తుపాకీ ఇచ్చారు గానీ ఓటు ఇవ్వలేదుగా.